రెండో సోమారు

ఇప్పలగుంపు, పామేడు దగ్గర
3 మార్చి 2009

తమ్ముడు భూషణానికి,

అక్క సోమక్క రాసేది. మేం బాగున్నాం. ఆ ముక్క ముందు రాయకపోతే మీ అమ్మ ఉత్తరం చివరిదాకా చదవనివ్వదు, నాకు తెలుసు. చిన్నమ్మకు చెప్పు.

నువ్వు లారీ డ్రైవరుతో పంపిన సీడీ చర్ల కిరాణా కొట్లో నాలుగు రోజులు పడుండి మొన్న చేరింది. సంఘం ఆఫీసులో పాత లాప్‌టాప్ ఉందని చెప్పాగా, దానికి ఎక్కించా. సోలార్ పలక మీద ఎండ ఉన్నంతసేపే దానికి ప్రాణం. తెలుగు కొట్టే మోడ్ మాత్రం బంగారం. ఇన్నాళ్ళూ ఒక్కో అర్జీ చేత్తో మూడేసి నకళ్ళు రాసి నా వేళ్ళు కాయలు కాశాయి. అడవిలో తరాలనుంచి దున్నుకుంటున్న పొలాలకు పట్టా ఇస్తారని కొత్త చట్టం వచ్చింది కదా, మా ఊరి అర్జీలన్నీ నా నెత్తినే పడ్డాయి. చదువుకున్న పాపం.

ఇంతకీ అసలు సంగతి, నా ఆరో నంబరు మీట ఎందుకు లాక్కున్నావురా? అది నొక్కితే "ఇప్పలగుంపు గ్రామం, పామేడు" అని పడేట్టు నేనే పెట్టుకున్నా. నువ్వే నేర్పావు. ఇప్పుడు నొక్కితే "సరుకు కోడ్" అని ఇంగ్లీషులో పడుతోంది. మాసా ముసలాయన అర్జీలో అదే పడింది, నేను చూసుకోలేదు. ఆయన్ని సరుకు చేశావు. నా మీట నాకిచ్చెయ్.

మా గుట్ట మీదికి సర్వేవాళ్ళు వచ్చారు. రాయి తొలిచి చూస్తున్నారు. ఇనుము ఉందట. మీ గనివాళ్ళు తవ్వే కొండ చాలదా?

సోమక్క

---

గనుల టౌన్‌షిప్, దంతెవాడ జిల్లా
21 మార్చి 2009

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను గానీ, తప్పు నాదే. ఆ మీట లాక్కున్నది తెలుగు మోడ్ కాదు, స్టోర్స్ మోడ్. మా గని స్టోర్స్ కోసం నేను రాసింది. సీడీలో అన్నీ కలిపే ఎక్కించి పంపాను, విడదీసే తీరిక లేక. దాని మీట మార్చే పద్ధతి వెనక పేజీలో రాశాను, చూసి అలాగే కొట్టు.

నువ్వు అర్జీలు కొట్టే ఈ ఎడిటర్ ప్రోగ్రాం గొప్పతనమే అది అక్కా. రాసినవాళ్ళు సగమే రాసి మిగతాది మనకు వదిలేశారు. ఎవరికి కావలసిన మోడ్ వాళ్ళు రాసుకుని తగిలించుకోవచ్చు. అలా తగిలించేవి ఎలా మసలుకోవాలో దాని పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది. ఎక్కించినంత మాత్రాన ఏ పనీ మొదలుపెట్టకూడదు, పిలిచాకే చెయ్యాలి. పిలిచిన ఫైల్లోనే చెయ్యాలి, పక్క ఫైలు ముట్టుకోకూడదు. వాడేవాళ్ళ కోసం వదిలిన మీటల జోలికి పోకూడదు. నడుస్తున్నంతసేపూ తెర అడుగున తన పేరు చూపించాలి. తీసేస్తే, రాకముందు ఎలా ఉందో అలా వదిలి వెళ్ళాలి.

చదవటానికి బాగుంటుంది. మా గుమాస్తాల చేత మోడ్‌ని పిలిపించటం ఎవరి తరం? ఒక్కడూ పిలవడు. అందుకని ఎడిటర్ తెరవగానే అదే లేచి అన్ని ఫైళ్ళలోనూ కూర్చునేట్టు పెట్టాను. అడుగున పేరు కనిపిస్తే మా ఆఫీసరు "యే క్యా హై" అని విసుక్కున్నాడు, అదీ తీసేశాను. సేవ్ చేసేటప్పుడు కాస్త చెత్త ఊడ్చేస్తుంది, అంతే. నీకు దానితో ఇబ్బంది ఉండదు.

నన్ను పర్మనెంట్ చేస్తారని మాట వినపడుతోంది. ఏడేళ్ళ కాంట్రాక్టు బతుకు. దేవుడు కరుణిస్తే జనవరిలో ఇంటర్వ్యూ.

నీ తమ్ముడు
భూషణం

---

ఇప్పలగుంపు
20 ఏప్రిల్ 2009

భూషణం,

మీట తిరిగొచ్చింది. సంతోషం.

ఆ పుస్తకం రాసినవాళ్ళెవరో గానీ మర్యాద తెలిసినవాళ్ళు. చుట్టం ఇంటికొస్తే పిలిచినచోట కూర్చోవాలి గానీ, వంటింట్లోకి పోయి ఉప్పు డబ్బా మార్చకూడదు. నువ్వు మాత్రం పుస్తకం చదివి మరీ మార్చావు. గుమాస్తాలు పిలవరని రాశావే, పిలవకపోతే వాళ్ళకు అక్కర్లేదని అర్థం కాదా? ఇంజనీరు తెలివి మీది, మాకు అర్థం కాదులే.

మా గుట్ట మీదున్నవాళ్ళకు ఆ అధ్యాయం చదివి వినిపించాలనుంది. ఎవరు పిలిచారు వీళ్ళని? వచ్చిన మూడోరోజే వాగు దగ్గర కంచె వేశారు. మా ఊరి లచ్చు పశువులు నీళ్ళకు దిగే దారి పోయింది. అడిగితే "ఆర్డర్ హై" అంటారు, ఎవరి ఆర్డరో చెప్పరు. ఒకరోజు వీళ్ళు వెళ్ళిపోయినా ఆ వాగును మునుపటిలా చేసి పోతారా? నాకు నమ్మకం లేదు.

అందుకే తొందర. గని లీజు రాకముందే మా జాబితా తహసీల్ ఆఫీసులో పడాలి. అందులో పేరున్నవాడికే ఊళ్ళో భూమి ఉన్నట్టు. పేరు లేనివాడు ఎక్కడినుంచో వచ్చి కూర్చున్నట్టు లెక్క. అర్జీలు మొత్తం నూట నలభై మూడు వచ్చాయి. జాబితాలో పేరు, తండ్రి పేరు, ఊరు, మూడే గడులు. వాళ్ళిచ్చిన నమూనా అదే. వరస నంబర్లు ఆఖరున ఒకేసారి వేస్తా.

నిన్న గ్రామసభలో తెర మీద చూస్తూ పేర్లు చదివా. ఎవరి పేరు వస్తే వాళ్ళు "ఆఁ" అనాలి. సోమవారం పుట్టినవాళ్ళంతా సోమారులు, బుధవారం పుట్టిన ఆడపిల్లలంతా బుధ్రిలు అయితే ఇంకేముంది, ఒక్కో పేరుకు ఇద్దరు ముగ్గురు ఒకేసారి "ఆఁ" అంటున్నారు. తండ్రి పేర్లూ కలిసినవాళ్ళున్నారు. మాసా కొడుకు సోమారు అనగానే గుట్ట కింది సోమారు, వాగు ఒడ్డు సోమారు ఇద్దరూ లేచి నిలబడ్డారు. జనం పడీపడీ నవ్వారు. ఎన్నాళ్ళకో ఈ ఊళ్ళో అంత నవ్వు విన్నా.

అక్క

---

గనుల టౌన్‌షిప్
2 జూన్ 2009

అక్కకు,

పనిలో ఉన్నాను, రెండు ముక్కలే. ఆ జాబితా ఆఫీసులో ఇచ్చేశావా? ఇంకా ఇవ్వకపోతే ఒక నెల ఆగు. ఇచ్చేసి ఉంటే పర్లేదు, ఏం కాదు.

వెంటనే జవాబు రాయి.

భూషణం

---

ఇప్పలగుంపు
25 జూన్ 2009

భూషణం,

నీ ఉత్తరం చేరటానికే పదిహేను రోజులు పట్టింది. వెంటనే రాయమంటే ఎట్ల రాసేది?

జాబితా మే పద్దెనిమిదిన ఇచ్చేశా. చర్లలో ప్రింటు తీయించి, చివరి పేజీలో అందరిచేత వేలిముద్రలు వేయించి, నేనూ కమిటీ పెద్ద దేవా పోయి ఇచ్చి రసీదు తెచ్చుకున్నాం. ఆఫీసరు బాగా మాట్లాడాడు, కుర్చీ వేశాడు. దేవా జీవితంలో మొదటిసారి ఆఫీసు కుర్చీలో కూర్చున్నాడు. వెనక్కి ఆనుకోకుండా అంచు మీదే కూర్చున్నాడు పాపం.

ఎందుకు ఆగమన్నావు? మీ గనివాళ్ళకు మా గుట్ట లీజు వస్తుందని ఏమైనా విన్నావా? వింటే దాచకు.

అక్క

---

గనుల టౌన్‌షిప్
16 జులై 2009

అక్కకు నమస్కారాలు.

లీజు సంగతి నాకేం తెలియదు. ఊరికే అడిగాను. ఇక్కడ వానలు దంచుతున్నాయి. కొండ మీదనుంచి వాగంతా ఎర్రగా దిగుతోంది. అమ్మ మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి.

ఇంకో సీడీ పంపుతున్నాను. పాత స్టోర్స్ మోడ్ తీసేసి ఇది ఎక్కించు. పాతది కాస్త నెమ్మది. పాత సీడీ విరగ్గొట్టి పారెయ్, గీతలు పడ్డ సీడీ లాప్‌టాప్‌ను పాడుచేస్తుంది.

ఇంటర్వ్యూకి నా పేరు పైకి పంపారు. స్టోర్స్ పెద్దాయన నా గురించి మంచిగా రాశాడట.

భూషణం

---

ఇప్పలగుంపు
9 సెప్టెంబర్ 2009

భూషణం,

ఈ ఉత్తరం చిన్నమ్మకు చదివి వినిపించకు.

ఆగస్టు ఇరవై ఎనిమిదిన మావాళ్ళు సంతకు పోయారు. రోడ్డు మీద కొత్త పోలీసు క్యాంపు పెట్టారు, వచ్చేపోయేవాళ్ళ పేర్లు అడుగుతున్నారు. ఊళ్ళో సగంమందికి రేషన్ కార్డులు లేవు. అందుకని మన జాబితా నకలు తెప్పించుకుని పెట్టుకున్నారు. పేరు ఉంటే టిక్కు పెట్టి వదులుతారు. దేవాకు అది గర్వంగా కూడా ఉండేది, "మనం రాసిన కాగితం చూసి వదుల్తున్రు" అనేవాడు.

ఆ రోజు ముందు గుట్ట కింది సోమారు పోయాడు. టిక్కు పడింది. అరగంట తర్వాత వాగు ఒడ్డు సోమారు భార్య పొజ్జేతో కలిసి, ఇప్పపువ్వు మూటతో పోయాడు. పేరు సోమారు, తండ్రి మాసా అన్నాడు. "సోమారు తో నికల్ గయా" అన్నాడు కాపలావాడు. సోమారు ఇందాకే పోయాడు, మరి నువ్వెవరు అని. మా ఊళ్ళో ఆ పేరుతో ఇద్దరున్నారని పొజ్జే మా దోర్లీ భాషలో మొత్తుకుంది, వాళ్ళకు అర్థం కాలేదు. హిందీ వచ్చిన మావాడు చెప్తే, జాబితాలో ఒక్కడే ఉన్నాడని చూపించారు. దొంగ పేరు చెప్పాడని తీసుకుపోయారు. పొజ్జే మూట మోసుకుని ఒక్కతే వచ్చింది. నేరుగా నా దగ్గరికే వచ్చి, "సోమక్కా, నువ్వు రాయలేదా?" అని అడిగింది.

రాశాను. ఇద్దరివీ రాశాను, నాకు బాగా గుర్తు. ఫైలు తెరిచి చూస్తే ఒక్కటే ఉంది. నా కళ్ళు నమ్మలేదు. వాగు ఒడ్డు సోమారు పేరు మళ్ళీ కొట్టా. సేవ్ చేశా. నా కళ్ళముందే ఆ వరస మాయమైంది. మళ్ళీ కొట్టా, మళ్ళీ పోయింది. మూడోసారి కొట్టి, చెయ్యి మీట మీద పెట్టి నొక్కలేక కూర్చున్నా. వానలకు చెడిన బ్యాటరీ మొన్నే బాగైంది, నీ రెండో సీడీ ఇంకా ఎక్కించలేదు, అందుకే దొరికిపోయావు.

లోపల ఉండాల్సిన నూట నలభై మూడులో నూట ముప్ఫై నాలుగే ఉన్నాయి. తొమ్మిదిమంది లేరు. నంబర్లు ఆఖరున ప్రింటు మీద చేత్తో వేశా కాబట్టి ఎక్కడా ఖాళీ కనపడలేదు. లెక్క సరిచూసుకోకపోవటం నా తప్పు, అది నేనే మోస్తా.

జూన్‌లో నన్ను ఆగమన్నావు. అంటే అప్పటికే నీకు తెలుసు. ఎందుకు నీళ్ళు నమిలావు? నిజం రాయి. నీ చేత్తో ఒక కాగితం కూడా రాయి. ఆ పేరు మిషన్ తీసేసింది, మనిషి ఉన్నాడు అని సంతకం పెట్టి పంపు. నేను చెప్తే వినరు, "తూ కౌన్ హై", నువ్వెవరు అంటారు. కంప్యూటర్ సంగతి కంప్యూటర్ మనిషి రాస్తే వింటారేమో.

సోమక్క

---

గనుల టౌన్‌షిప్
22 సెప్టెంబర్ 2009

అక్కా,

నాలుగుసార్లు రాసి చింపేశాను.

స్టోర్స్‌లో గుమాస్తాలు ఒకే సరుకు రెండుసార్లు కొట్టేవాళ్ళు. అచ్చం ఒకేలా ఉన్న వరసలు కనిపిస్తే ఒకటి ఉంచి మిగతావి తీసేసేట్టు రాశాను. నేను చెత్త అన్నది అదే. స్టోర్స్ ఫైళ్ళలో మాత్రమే చెయ్యాలని పెట్టి ఉంటే అక్కడితో పోయేది. అన్ని ఫైళ్ళలో పెట్టాను. తీసేసే ముందు అడగాలి, అడగలేదు. తీసేశాక ఎన్ని తీశానో చెప్పాలి, అదీ చెప్పలేదు. పుస్తకంలో ఏది వద్దన్నారో అన్నీ చేశాను, పైగా పని తేలికైందని మెచ్చుకున్నారు.

మే ఆఖరులో ఇక్కడ కన్వేయర్ రోలర్ల జాబితాలో రెండు వరసలు తగ్గాయి. వెతికితే నా మోడే. ఎవరికీ చెప్పకుండా సరిచేశాను. ఆ సాయంత్రమే నీ ఏప్రిల్ ఉత్తరం గుర్తొచ్చింది. ఇద్దరు సోమారులు లేచి నిలబడ్డారని రాశావే, అది. అప్పుడే నీకు నిజం రాయాల్సింది. ఇచ్చేశానని నువ్వు రాసేసరికి, ఎవరూ గమనించరులే అనుకున్నాను. పట్టా వచ్చేటప్పుడు చూసుకోవచ్చు అనుకున్నాను. భయపడ్డాను అక్కా, అదీ నిజం.

కాగితం రాయటానికి అభ్యంతరం లేదు. కానీ కంపెనీ పని బయటికి పంపానని అందులో ఒప్పుకోవాలి. అదీ మీ వైపు ఊళ్ళకి. ఇక్కడ ఆ వైపు ఊళ్ళ పేరెత్తితేనే మనుషుల్ని నక్సలైట్లన్నట్టు చూస్తున్నారు. ఉద్యోగం పోవటమే కాదు, నన్నూ అడగటానికి వస్తారు. అమ్మ ఈ క్వార్టర్లోనే ఉంది, మందులు ఈ ఆస్పత్రిలోనే. ఇంటర్వ్యూ జనవరి పదకొండున. అది అయిపోయిన మర్నాడే రాసిస్తాను, ఒట్టు. ఈలోగా వాళ్ళే విచారించి వదిలేయొచ్చు కదా.

భూషణం

---

ఇప్పలగుంపు
6 అక్టోబర్ 2009

భూషణం,

వదల్లేదు. పెద్ద జైలుకు పంపారు. పొజ్జే రెండుసార్లు పోయింది, ఆ పేరుతో ఎవరూ లేరని గేటు దగ్గరే తిప్పి పంపారు. అతను చెప్పిన పేరు అబద్ధమని రాసుకున్నారు కదా, ఆ పేరుతో అడిగితే ఎట్ల దొరుకుతాడు?

నీ ఇంటర్వ్యూ దాకా అతన్ని జైల్లో ఆగమని చెప్పమంటావా? చెప్తాలే, ఎక్కడున్నాడో తెలిస్తే.

సోమక్క

---

గనుల టౌన్‌షిప్
15 నవంబర్ 2009

అక్కా,

నెల పైన పట్టింది. పట్టకూడదు. రోజూ ఆ కాగితం జేబులో పెట్టుకుని ఆఫీసుకు పోయి, రోజూ తిరిగి తెచ్చాను. చివరికి అమ్మకు చెప్పేశాను. ఆమె, "ఆ పిల్లకు మొగుడు కదరా" అంది. ఆ మాటే అంది.

కాగితం హిందీలో టైపు చేసి సంతకం పెట్టాను. ఒక నకలు స్టోర్స్ పెద్దాయన బల్ల మీద నేనే పెట్టి వచ్చాను, దొంగచాటుగా పంపాననే మాట ఉండకూడదని. గేటు పాసు తీసేసుకున్నారు. నీకు అర్థం కావటానికి తెలుగులో ఇదీ సంగతి:

"నా పేరు భూషణం, తండ్రి రామనర్సయ్య. గని స్టోర్స్‌లో కంప్యూటర్ పని చేస్తాను. ఎడిటర్‌కు తగిలించే ఒక మోడ్ నేను రాశాను. ఒకేలా ఉన్న వరసలను అది చెప్పకుండా తీసేస్తుంది. పిలవకుండానే అన్ని ఫైళ్ళలో నడిచేట్టు, నడుస్తున్నట్టు కనపడకుండా ఉండేట్టు పెట్టింది నేనే. ఇప్పలగుంపు గ్రామ జాబితాలో తొమ్మిది పేర్లు దానివల్ల పోయాయి. ఆ తొమ్మిదిమంది ఆ ఊరివాళ్ళే. సోమారు తండ్రి మాసా అనే పేరుతో అక్కడ ఇద్దరు మనుషులున్నారు. ఇద్దరూ నిజం చెప్పారు. జాబితా రాసిన సోమక్క తప్పు లేదు. ఈ సంగతి నాకు మే నెలనుంచి తెలుసు."

క్వార్టరు ఖాళీ చేయటానికి నెల గడువిచ్చారు. అమ్మను భద్రాచలంలో మామయ్య ఇంట్లో దించి, నేను నీ దగ్గరికి వస్తాను. పొజ్జేకు నేను క్షమాపణ చెప్పుకోవాలి. నువ్వు దగ్గరుండి చెప్పించు.

భూషణం

---

ఇప్పలగుంపు
11 డిసెంబర్ 2009

భూషణం,

నీ కాగితం నవంబర్ ఇరవై ఆరున చేరింది. ఇరవై ఎనిమిదిన నేను, పొజ్జే, దేవా కలిసి జైలుకు పోయాం. ఈసారి లోపలికి రానిచ్చారు. గుమాస్తా కాగితం రెండుసార్లు చదివాడు, ఎవరితోనో ఫోన్లో మాట్లాడాడు, పెద్ద రిజిస్టర్ తీశాడు. ఆగస్టులో ఆ క్యాంపునుంచి వచ్చిన ఒక మనిషి పేరు తెలియదని రాసి ఉంది. చలిజ్వరం వచ్చింది. నవంబర్ తొమ్మిదిన పోయాడు. ఎవరూ రాలేదని వాళ్ళే పూడ్చేశారు.

నీ కాగితం పనికిరాలేదని అనుకోకు. పనికొచ్చింది. పేరు తెలియని వ్యక్తి అన్నదాన్ని గుమాస్తా గీత పెట్టి కొట్టేసి, పక్కన సోమారు, తండ్రి మాసా, ఇప్పలగుంపు అని రాసుకున్నాడు. పొజ్జే వేలిముద్ర వేసింది. తర్వాత గోడ వెనక ఖాళీ జాగా చూపించారు. అక్కడ చాలా గుంతలు పూడ్చి ఉన్నాయి. ఏది అని అడిగితే, ఈ వరసలో ఏదో ఒకటి అన్నాడు. పొజ్జే ఆ వరస పొడుగూతా నడిచి వచ్చింది. ఏడవలేదు. నేనే ఏడ్చా.

మిగిలిన ఎనిమిదిమంది పేర్లు తహసీల్ ఆఫీసువాళ్ళు చేర్చారు. సోమారుది చేర్చలేదు. అర్జీదారు బతికిలేడు కాబట్టి భార్య పేరు మీద కొత్త అర్జీ పెట్టమన్నారు, గ్రామసభ మళ్ళీ జరగాలన్నారు. ఆ పొలం గుట్టకు అంటుకునే ఉంది. పొద్దున సర్వేవాళ్ళు అక్కడ సున్నం గీతలు గీశారు. కొత్త అర్జీ నేను చేత్తోనే రాస్తున్నా.

నీకు ఉద్యోగం పోయిందని చిన్నమ్మ కబురు పెట్టింది. బాధపడ్డా. నిన్ను ఎత్తుకుని తిరిగిన చేతులే ఇవి, బాధపడకుండా ఎట్ల ఉంటా? కానీ ఆ బాధ పొజ్జే ముందు పెట్టలేను. నువ్వూ పెట్టకు. నువ్వు కాగితం జేబులో వేసుకుని తిరిగిన ఆ నెలలో అతను బతికే ఉన్నాడు.

రావద్దని అనను. రా. బస్సు దిగి నా ఇంటికి రాకు, ముందు వాగు ఒడ్డుకు పొజ్జే ఇంటికి పో. దగ్గరుండి చెప్పించమన్నావు. నేను రాను. ఆమెకు తెలుగు రాదు, నీ మాటలు నేను దోర్లీలోకి మార్చి చెప్పను. చిన్నప్పుడు నీకు దోర్లీ బాగానే వచ్చేది. మర్చిపోయి ఉంటే, దారిలో గుర్తు తెచ్చుకుంటూ రా.

సోమక్క